ఘకు నావత్తు

నీలిమందులో ముంచిన దారాన్ని గోడకు ఆ చివరా ఈ చివరా మేకులకు బిగించి, మధ్యలో రెండు వేళ్ళతో పట్టి గుంజి వదిలాడు ఖాజా. టప్పుమని గోడ మీద నీలిగీత పడింది. దారాన్ని జానెడు కిందికి దించి మళ్ళీ గుంజి వదిలాడు. అక్షరాల పొట్టలు ఈ రెండు గీతల మధ్య కూర్చుంటాయి. తలకట్లు పై గీతను తన్నుకుని లేస్తాయి. వత్తులు కింది గీత దాటి వేలాడతాయి. గీతలు సరిగ్గా పడితే సగం పని అయిపోయినట్టే. మిగతా సగం చెయ్యి చూసుకుంటుంది.

అతను సన్నగా, పొడుగ్గా, నిచ్చెనకు ఇంకో కర్ర చేర్చినట్టు ఉంటాడు. ఏళ్ళ తరబడి పైకెత్తి ఉంచడంతో కుడిభుజం ఎడమదానికన్నా కాస్త లేచిపోయింది. ఊరికే నిలబడ్డా ఎవరినో ఏదో అడగబోతున్నట్టే కనిపిస్తాడు. నిజానికి అతను ఎవరినీ ఏదీ అడిగింది లేదు. గోళ్ళ చుట్టూ ఎక్కిన రంగు చర్మంలో కలిసిపోయి టర్పెంటైన్‌కు కూడా లొంగదు. ఎడమ కంట్లో పొర అలుముకుంటోంది. దవాఖాన వాళ్ళు క్యాంపు పెట్టి ఆపరేషన్ చేస్తామన్నప్పుడు వినాయక చవితి పనులు అయిపోనీ అన్నాడు. చవితి పోయింది. క్యాంపు మళ్ళీ రాలేదు.

అయిజకు అవతలున్న చిన్న ఊరి బడి అది. రెండు గదులు. ఒక గదిలో వాన పడితే పిల్లలు పుస్తకాలు నెత్తిన పెట్టుకుని మూలకు జరుగుతారు. ఇద్దరు పంతుళ్ళు ఉండాలి. ఒకరిని ఇంకెక్కడికో పంపారు, ఎవరూ రాలేదు. మిగిలిన శేఖర్ సారే హెడ్మాస్టరు, ఆయనే అన్ని తరగతుల పంతులు, గుమాస్తా. కప్పుకు సిమెంటు కావాలని ఆయన రాసిన అర్జీలకు జవాబు లేదు. కానీ గోడకు రంగు వచ్చింది. రోడ్డు మీదికి కనపడే గోడకు మాత్రమే.

ఢిల్లీలో పెద్దాయన ఏదో సభలో పిల్లల కోసం సందేశం ఇచ్చాడట. కృతజ్ఞత, ఐక్యత, విద్య. ఈ మూడూ ఉంటే దేశానికి ఢోకా లేదట. ప్రతి బడి గోడ మీదా ఆ మాటలు రాయించి ఫొటో తీసి గ్రూపులో పెట్టాలని పైనుంచి వచ్చింది. ఎల్లుండి అధికారి చూడటానికి వస్తాడు. గోడ బాగుంటే మండలంలో మిగిలిన బళ్ళన్నీ నీకేనని శేఖర్ సారు అన్నాడు. ఖాజాకు ఆ మాట చాలు. ఫ్లెక్సీలు వచ్చాక పెళ్ళి గోడలు పోయాయి, దుకాణం బోర్డులు పోయాయి. జాతరకు ఆర్చీ మీద పేర్లు రాసే పని ఒకటి మిగిలి ఉండేది. ఈ ఏడు అది ఇంకో పెయింటర్ రాఘవేందర్‌కు ఇచ్చారు. ఎందుకని ఖాజా అడగలేదు. వాళ్ళూ చెప్పలేదు. ఇరుపక్షాలకూ తెలిసిన సంగతిని ఎవరు నోరు తెరిచి చెబుతారు.

ఈ బళ్ళ పని దొరికితే అయిజలోనే ఉండొచ్చు. లేకపోతే రాయచూరులో అల్లుడి వెల్డింగ్ షాపు ముందు కుర్చీ వేసుకుని కూర్చోవాలి. బిడ్డ మెహజబీన్ ఎన్నోసార్లు రమ్మంది. బిడ్డ అన్నం మంచిదే. కానీ చెయ్యి ఆడే మనిషి ఇంకొకరి గడపలో కూర్చుని తినే అన్నం గొంతు దిగదు.

బండ మీద ఫోను పెట్టి, స్పీకరు పెట్టాడు. అవతల శేఖర్ సారు మండల ఆఫీసులో ఏదో మీటింగు మధ్యలో బయటికొచ్చి చెబుతున్నాడు.

"రాసుకో ఖాజా. చదువు చెప్పినవారి పట్ల కృతజ్ఞత. అయిందా. సాటివారితో ఐక్యత. ప్రతి బిడ్డకూ విద్య. కింద పెద్దాయన పేరు. పేరు పెద్దగ రావాలె, జర కలర్ కొట్టు."

"కాయితం మీద పంపియ్యకపోతిరా సార్."

"ఏం కాయితమయ్యా, మూడు మాటలే గదా. నువ్వు కొత్తోనివా."

కొత్తవాడు కాదు. చిన్నప్పుడు బళ్ళో వత్తుల పాఠం మొదలయ్యే ముందే తండ్రి అతన్ని సున్నంబట్టీకి తీసుకుపోయాడు. వత్తులు నేర్పింది గద్వాలలో రంగులు వేసే ఉస్తాదు. అక్షరమంటే మనిషి లెక్క, తల పెట్టు, పొట్ట పెట్టు, ఆఖరుకు కాళ్ళు పెట్టు, అనేవాడు. అందుకని ఖాజాకు చదవడం కన్నా గీయడం ముందు వచ్చింది. మాట చెవిలో పడితే కళ్ళకు కాదు, వేళ్ళకు కనిపిస్తుంది. శేఖర్ సారు నోట్లోంచి వచ్చింది "కృతగ్నత". ఈ జిల్లాలో పంతులైనా, కలెక్టరైనా ఆ మాటను అట్లాగే అంటారు. ఆ "గ్న" చెవిన పడగానే వేళ్ళు వాటికి తెలిసిన దారిలో నడిచాయి. ఘ పొట్ట, దానికింద నావత్తు. ఏడాదికి ఎన్నిసార్లు రాశాయో ఆ వేళ్ళు. చవితి మండపాల మీద శ్రీ విఘ్నేశ్వర. కిరాణా మీద, వెల్డింగ్ షాపు మీద, ట్రాక్టర్ల నుదుటి మీద శ్రీ విఘ్నేశ్వర. కళ్ళు మూసుకుని రాస్తాడు. ఎడమ కన్ను ఎట్లాగూ సగం మూసుకునే ఉంది.

సుద్దతో గీసి, ఎర్రరంగు నింపి, నల్లటి అంచు తిప్పాడు. దిగి, రోడ్డు దాకా వెనక్కి నడిచి చూశాడు. ఒకే ఎత్తులో, ఒకే వంపులో, బారులు తీరి నిలబడ్డ పిల్లల్లా ఉన్నాయి అక్షరాలు.

షెడ్డు కింద పొయ్యి ఊదుతున్న బాలమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. బడిలో మధ్యాహ్నం అన్నం వండేది ఆమే.

"ఏం ఖాజన్నా, గోడకు ఇన్ని అక్షరాలు పెడుతున్నవ్. లోపలున్న పోరలకు ఒక్కటన్న వస్తదా?"

"నీకొస్తదా అక్కా?"

"నాకొస్తే గీ పొగల ఎందుకుంట. సారు కుర్సీల కూసోకపోదునా."

పిల్లలు తిన్నాక అతనికీ ఒక పళ్ళెంలో అన్నం, పప్పుచారు పోసి ఇచ్చింది. నిచ్చెన నీడలో గొంతుక్కూర్చుని తిన్నాడు. పళ్ళెం కడిగి బోర్లించి, "నీ కడుపు సల్లగుండ అక్కా" అన్నాడు.

"ఉండనీ తీ."

"గా కృతగ్నత అన్న ఎర్రమాట అర్థం గిదేనంట. తిన్నంక కడుపు సల్లగుండ అంటం సూడు, గదేనంట."

బాలమ్మ గోడ వైపు చూసింది. ఆమెకు అవన్నీ ఎర్ర ముగ్గులే. "గట్లయితే గోడ మీద రాసుడెందుకన్నా. అన్నం పెడితే నోట్లకెల్లి అదే వస్తది గదా."

ఆమె అడిగినదానికి ఢిల్లీలో కూడా జవాబు ఉండదు. నీళ్ళు పైకెక్కాలంటే ఈ సీమలో మోటార్లు పెట్టి ఎత్తిపోయాలి. కృతజ్ఞత ఒక్కటే ఏ మోటారూ లేకుండా కింది నుంచి పైకి ఎక్కుతుంది. అన్నం వండిన బాలమ్మకు ఎవరూ గోడ మీద రాయరు. బాలమ్మే గోడకు దండం పెట్టాలి.

శేఖర్ సారు మీటింగు నుంచి వచ్చాడు. బండి దిగకుండానే గోడ వైపు చూసి, "మస్తుంది ఖాజా" అన్నాడు. ఫోను తీసి ఫొటో కొట్టి గ్రూపులో పెట్టాడు. అందరికంటే ముందు పెట్టినందుకు ఆయన ముఖంలో చిన్న వెలుగు. అక్షరాల అందం చూశాడు గాని అక్షరాలు చదవలేదు. గోడ మీది మాటలను ఎవరు చదువుతారు. రాసేవాడు చదవడు, రాయించేవాడు చదవడు, ఫొటో తీసేవాడు చదవడు.

కానీ గ్రూపులో ఎవరో చదివారు, ఇంకో గ్రూపుకు పంపారు.

ఖాజా పెద్దాయన పేరుకు పసుపు అంచు తిప్పుతుండగా శేఖర్ సారు గదిలోంచి బయటికి వచ్చాడు. చేతిలో ఫోను ఆగకుండా మోగుతోంది, ఆయన ఎత్తడం లేదు. గోడ ముందు నిలబడి ఒక్కో అక్షరం పెదాలతో చదివాడు, ఒకటో తరగతి పిల్లవాడిలా.

"ఏం రాసినవ్ ఖాజా?"

"మీరు చెప్పిందే సార్."

"కృతజ్ఞత అని చెప్తే కృతఘ్నత అని రాసినవ్. దానర్థమేందో తెలుసా? తిన్నింటి వాసాలు లెక్కబెట్టుడు. చదువు చెప్పినోళ్ళ పట్ల ద్రోహం చెయ్యిమని రాసినవ్. కింద ఆయన పేరు."

ఖాజాకు ముందు సిగ్గేసింది. తప్పు రాసిన పిల్లవాడికి పలకతో నిలబడ్డప్పుడు కలిగే సిగ్గే అది. ఇన్నేళ్ళలో ఉస్తాదు చేత తిట్టించుకున్న తప్పులన్నీ గుర్తొచ్చాయి.

"జర పొరపాటైంది సార్. పరేషాన్ గావొద్దు. తెల్లరంగు కొట్టి ఘని జ చేస్త. నావత్తు తీసి ఞవత్తు పెడ్త. చాయ్ తాగే లోపల అయితది."

డబ్బా మూత తీశాడు. బ్రష్షు ముంచి నిచ్చెన ఎక్కబోయాడు. అప్పుడే రోడ్డు మీద బైకులు ఆగాయి.

ముందు దిగింది భాస్కర్. ఊరి మొగదలలో అతనికి ఎరువుల దుకాణం ఉంది. ఆ దుకాణం బోర్డు ఖాజా రాసిందే. అతని పెళ్ళికి ఇంటి గోడ మీద రెండు చిలకలను గీసి, మధ్యలో భాస్కర్ అనీ యమున అనీ రాసింది ఖాజాయే. ఎప్పుడు కనిపించినా "మామా, చాయ్ తాగిపో" అని పిలిచేవాడు. ఇవాళ ఆ పిలుపు లేదు.

"దిగు" అన్నాడు.

"దిద్దుతున్న భాస్కరా. ఒక్క అక్షరం తప్పు పడ్డది."

"చెయ్యి పెట్టకు. గట్లనే ఉండాలె. అందరు సూడాలె."

"తప్పును తప్పుగ ఉంచుతరా ఎవలన్న?"

"తప్పా?" భాస్కర్ వెనకున్న పిలగాళ్ళ వైపు తిరిగాడు. వాళ్ళు ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. "పెద్దాయన పేరు మీద ద్రోహం అని రాసిండు, తప్పంట. ఈ దేశం తిండి తింటడు, తప్పంట."

"అన్నం గిప్పుడే తిన్న. బాలమ్మక్క పెట్టింది" అన్నాడు ఖాజా. అతనికి ఇంకా సంగతి పూర్తిగా అర్థం కాలేదు. "పోయినేడు రాఘవేందర్ గీ బడి గేటు మీదనే స్వాగతం అని రాయమంటే స్వగతం అని రాసిండు. అందరు నవ్విండ్రు. చాయ్ తాపించి తుడిపిచ్చిండ్రు. నాకు తప్పు గూడ పడొద్దా?"

ఆ ప్రశ్నకు జవాబు అక్కడున్న అందరికీ తెలుసు. రాఘవేందర్ తప్పు రాస్తే తెలివితక్కువ. ఖాజా తప్పు రాస్తే తెలివి. ఒకే బ్రష్షు, ఒకే రంగు, ఒకే గోడ. మనిషి పేరు మారితే పొరపాటు పేరు కూడా మారిపోతుంది. ఒక్క మాట అవతల, అదే గోడ మీద, అదే ఎర్రరంగులో, ఐక్యత అని ఉంది. ఆ మాట తప్పు లేకుండా పడింది.

అప్పుడు ఖాజాకు కోపం వచ్చింది. అతను కోప్పడటం ఆ ఊరు ఎప్పుడూ చూడలేదు. బ్రష్షును డబ్బాలో గుచ్చి భాస్కర్ ముందుకు వచ్చాడు. కుడిభుజం ఇంకాస్త పైకి లేచింది.

"నీ దుకాణం మీద ఏమున్నది? శ్రీ విఘ్నేశ్వర. ఎవలు రాసిండ్రు? గా ఘ కింద నావత్తు ఎవలు పెట్టిండ్రు? గదే ఇది. రాసీ రాసీ చెయ్యి అలవాటుల పోయింది. మీ దేవుని పేరే నా వేళ్ళల్ల పడి ఉంది. సూసుకో పోయి, రెండు అక్షరాలు పక్కపక్కన పెట్టి సూసుకో."

ఒక్క క్షణం భాస్కర్ కళ్ళు గోడ మీదికి పోయాయి. ఘ కింద నావత్తు చివర ఖాజా తిప్పే చిన్న తోక. రోజూ షట్టరు ఎత్తేటప్పుడు నెత్తి మీద చూసే తోకే అది. అతను గుర్తుపట్టాడు. గుర్తుపట్టినట్టు ఖాజా కూడా చూశాడు. అంతలో వెనక నుంచి ఒకడు అన్నాడు.

"దేవున్ని గిందుల్లకు గుంజుతుండు సూడన్నా."

భాస్కర్ ముఖం మూసుకుపోయింది. అతను ఒక్కడే వచ్చి ఉంటే వేరుగా ఉండేదేమో. నలుగురి ముందు గుర్తుపట్టడం కష్టం.

బాలమ్మ చేతిలో గరిటెతోనే వచ్చింది. "పొరపాటయ్యా. పొద్దుటి నుంచి నా కండ్ల ముందరనే రాస్తుండు. మీరు పుట్టినకాడికెల్లి పొరపాటే చెయ్యలేదా?"

"నీకు చదువొస్తదా పెద్దమ్మా?"

"రాదు."

"మరి ఊకో."

విద్య అంటే అదే. రానివాళ్ళ నోరు మూయించడానికి వచ్చినవాళ్ళ చేతిలో ఉండేది.

శేఖర్ సారు వరండాలో స్తంభాన్ని ఆనుకుని నిలబడ్డాడు. ఆయన ఒక్క మాట అంటే చాలు. వాడు పొరపాటు పడ్డాడు, నేను చూసుకోలేదు, పొండి. బడి అంటే తప్పులు దిద్దే చోటు. పొద్దున లేస్తే ఆయన చేసే పని అదే. ఎర్ర సిరాతో సున్నా చుట్టి, పక్కన సరైన అక్షరం రాసి, పలక తిరిగి ఇస్తాడు. ఏ పిల్లవాడినీ దేశద్రోహి అనలేదు ఇంతవరకు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"నేను సరిగ్గనే చెప్పిన" అన్నాడు.

అది నిజమే. అందులో అబద్ధం లేదు. ఖాజా ఆయన వైపు చూసి, తల తిప్పుకున్నాడు.

తర్వాత అతన్ని గోడకు ఆనించి నిలబెట్టారు. చేతులు జోడించమన్నారు. జోడించాడు. ఏమనాలో ఒకడు చెప్పాడు, ఇంకొకడు ఫోను పట్టుకున్నాడు. బుద్ధి తక్కువై రాసినానని అన్నాడు. క్షమించమని అన్నాడు. మన దేశనేతకు కృతజ్ఞతలు అని చివర చెప్పాలి.

"మన దేశనేతకు కృతగ్నతలు."

"సరిగ్గ అను."

"నువ్వను" అన్నాడు ఖాజా, మెల్లగా.

"కృతగ్నతలు" అన్నాడు ఫోను పట్టుకున్నవాడు.

ఎవరూ నవ్వలేదు. అచ్చం అట్లాగే వచ్చింది ఇద్దరి నోటా. అది చాలన్నట్టు భాస్కర్ చెయ్యి ఊపాడు. టెంట్ హౌస్ నుంచి పరదా తెప్పించి గోడ మీద కట్టించారు. అధికారి వచ్చి చూసేదాకా ఎవరూ ముట్టొద్దన్నారు. శేఖర్ సారు బెల్లు ముందే కొట్టి పిల్లల్ని ఇళ్ళకు పంపాడు. వెళ్ళేటప్పుడు పిల్లలు పరదా అంచు ఎత్తి లోపలికి చూసి పరుగెత్తారు. కొత్తగా చదవడం వచ్చినవాడొకడు కూడబలుక్కుంటూ పోయాడు, ఐ, క్య, త.

నిచ్చెనను బండికి కట్టుకోనివ్వలేదు. అదీ అక్కడే ఉండాలట. ఖాజా రంగుడబ్బాల సంచి మాత్రం మోపెడుకు తగిలించుకుని అయిజ దారి పట్టాడు.

ఇంటికి చేరేసరికి భార్య మెహరున్నిసా గుమ్మంలోనే ఉంది. వీడియో అతనికంటే ముందు వచ్చేసింది. ఆమె బొక్కెనతో నీళ్ళు పెట్టింది, లుంగీ ఇచ్చింది. అతను విడిచిన ప్యాంటు తీసుకుపోయి బండ మీద రుద్దడం మొదలుపెట్టింది. ప్రతి సాయంత్రం చేసే పనే. ఇవాళ కాస్త గట్టిగా రుద్దింది.

"ఏం రాసినవ్?" అంది, అతని వైపు చూడకుండా.

"ఒక అక్షరం."

"దిద్దకపోయినవా?"

"దిద్దనియ్యలే."

ఆమె ప్యాంటు పిండుతూ ఆగి, మళ్ళీ పిండింది.

ఇంటి యజమాని పెద్దన్న ముందు గుమ్మంలోంచి కాక పక్క సందులోంచి వచ్చాడు. చాలా ఏళ్ళుగా వీళ్ళు ఆయన ఇంటి వెనక గదిలోనే ఉంటున్నారు. మెహజబీన్ నడక నేర్చింది ఆ వాకిట్లోనే. ఆయన మంచివాడు. మంచివాళ్ళకు వచ్చే ఇబ్బందంతా ఆయన ముఖంలో ఉంది.

"చాయ్ తాగుతవా పెద్దన్నా?" అన్నాడు ఖాజా.

"వద్దు లేరా. కూసో." ఆయన కూర్చోలేదు. "నాకేం లేదు ఖాజా. నీ సంగతి నాకు తెల్వదా. నువ్వు గసుంటోనివి గావు. కాని పిలగాళ్ళు ఊకోరు. రాత్రికి వస్తమంటుండ్రంట. నా మనుమలున్నరు ఇంట్ల."

"పొమ్మంటవా?"

"పొమ్మంటలేను. జర నాలుగు దినాలు బిడ్డ ఇంటికి పోయి రాండ్రి. అంతా సల్లబడ్డంక రాండ్రి."

నాలుగు దినాలంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు. పెద్దన్న తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. ఏడ్చాడేమో, చెమటేమో. ఖాజా లేచి ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"నీ కడుపు సల్లగుండ" అన్నాడు.

అది తిట్టో దీవెనో పెద్దన్నకు అర్థం కాలేదు. ఖాజాకూ తెలియదు. ఇన్నేళ్ళు నీడ ఇచ్చినవాడికి ఇంకే మాట చెప్పాలో అతనికి ఎవరూ నేర్పలేదు.

పొద్దు వాలకముందే రాయచూరు బస్సుంది. మెహరున్నిసా రెండు సంచులు కట్టింది. ఒకదాంట్లో బట్టలు, ఒకదాంట్లో గిన్నెలు. రంగుడబ్బాలు తీసుకుపోదామా అని చూపులతో అడిగింది. అతను తల అడ్డంగా ఊపాడు. తాళం వేసి, తాళంచెవి పెద్దన్న మనుమరాలి చేతిలో పెట్టారు. పెద్దన్న బయటికి రాలేదు. బస్టాండుకు పోయే దారిలో ఖాజా రాసిన బోర్డులు అటూ ఇటూ ఉన్నాయి. మంగలి షాపు, మందుల షాపు, ఇస్త్రీ బండి, గుడి మెట్ల పక్కన పూజా సామగ్రి. అతను ఏ ఒక్కదాన్నీ చదవలేదు.

బస్సు కదిలాక మెహరున్నిసా ఉలిక్కిపడి అతని చెయ్యి పట్టుకుంది.

"నీ ప్యాంటు దండెం మీదనే ఉండిపాయె. పచ్చిగుంది."

"ఉండనీ" అన్నాడు.

ఆ సందులో అప్పటికి ఎండ పోయింది. వాకిట్లో ఎవరూ లేరు. ఎంత రుద్దినా పోని ఎరుపు, పసుపు, నలుపు మరకలతో ప్యాంటు దండెం మీద రెండు కాళ్ళూ వేలాడేసుకుని ఉంది. మడమల దగ్గర నుంచి నీళ్ళు ఒక్కో చుక్కే బండ మీద పడుతున్నాయి.